మా ఆయన బోర్లా పడేసిన రెండు ముక్కలు

అల్ వుకైర్‌లో మేమున్న కాంపౌండ్‌లో ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతారు: "ఆవిడ గెలవలేదండీ, ఆయన వదిలేశాడు." చెప్పేవాళ్ళలో సగం మంది ఆ రోజు ఆ గదిలోనే లేరు. ఉన్నవాళ్ళలో సగం మంది ధ్యాస మిరపకాయ బజ్జీల మీద ఉంది. అయినా ఆ మాట అల్ ఖోర్ దాకా పోయింది, అక్కడ ఫోనెక్కి కరీంనగర్ చేరింది. మా ఆడబిడ్డ నోట్లో పడేసరికి "దుబాయ్‌ల మొగనితోని పేకాట ఆడి, ఏడ్చి మరీ గెలిచిందట" అయింది. మేమున్నది దుబాయ్ కాదు, ఖతర్. నేను ఏడవలేదు. ఈ రెండూ సరిదిద్దాను కాబట్టి ఇక అసలు అబద్ధానికి వస్తాను.

ఒక మనిషి ముక్కలు పడేశాడంటే దానికి కారణాలు చాలా ఉంటాయి. భయం ఉంటుంది, అలవాటు ఉంటుంది, లెక్క తప్పడం ఉంటుంది. వీటన్నిటినీ దాటుకుని జనం నేరుగా పెళ్ళాం మీద ప్రేమ దగ్గరికి పోతారు. ఓడింది మగవాడైతే త్యాగం, ఆడదైతే చేతకానితనం. ఎక్కడి న్యాయం?

అది ఫుట్‌బాల్ వరల్డ్ కప్ రావలసిన ఏడాది. దోహా వెళ్ళే దారిలో స్తంభస్తంభానికీ జెండాలు కట్టారు. మా ఆయన లుసైల్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇంజనీరు. అక్కడి స్టేడియం కట్టాడని మా చుట్టాలు చెప్పుకుంటారు. కట్టలేదు. స్టేడియం చుట్టూ ఉన్న రోడ్ల కింద నీళ్ళు పోయే గొట్టాలు వేయించాడు. "వాన పడని దేశంల వాననీళ్ళ గొట్టాలేంది?" అని నేను ఎగతాళి చేస్తే, "పడ్డనాడు చూస్తవ్" అనేవాడు. శుక్రవారాలు కూడా డ్యూటీకి పోయేవాడు. ఆ స్టేడియం బంగారు రంగు గోడ పునాది నుంచి లేవడం రోజూ చూశాడు, బయటి నుంచే. లోపల ఎలా ఉంటుందో తెలియదు. అతని పాసు గేటు బయట వరకే.

ఇక నేను. హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. ఆ కొలువు మానేసి ఇతని వెంట వచ్చాను. ఆ దేశంలో నా పేరు మీద ఒక్క వస్తువు లేదు. నా వీసా ఇతని వీసాకి కట్టిన తోక. ఇల్లు ఇతని పేరు మీద, కారు ఇతని పేరు మీద, నా చేతిలో ఫోన్‌లోని సిమ్ కూడా ఇతని పేరు మీదే. నీళ్ళ క్యాన్ తెచ్చినవాడు నేను తలుపు తీసినా నా భుజం మీదుగా చూసి "సార్ హై?" అని అడిగేవాడు.

కప్పు మొదలయ్యేలోపే ఇతని కంపెనీ పని అయిపోతుందని, మేం సామాను సర్దుకోవాలని మాకు ముందే తెలుసు. గొట్టాలు వేసినవాళ్ళకి గొట్టాలు వేసేంత వరకే వీసా. మాకు మిగిలిన అవకాశం ఒక్కటే. కప్పుకి ముందు స్టేడియం పనితీరు చూడడానికి ఒక మ్యాచ్ పెట్టారు. దాని టికెట్లు పెట్టీపెట్టగానే అయిపోయాయి. మా కాంపౌండ్ తెలుగువాళ్ళలో దొరికింది బాబాయ్ గారొక్కరికే.

బాబాయ్ గారు ఎవరికీ బాబాయ్ కాదు. గోదావరి జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి అక్కడే పాతుకుపోయిన పెద్దాయన, అందుకని అందరికీ బాబాయ్ గారు. రెండు టికెట్లు కొన్నారు. ఇంతలో పిన్నిగారు మోకాలి ఆపరేషన్‌కి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఒక టికెట్ మిగిలింది. అందరూ "మీరు వెళ్ళండి", "అబ్బే, మీరే వెళ్ళండి" అని మర్యాదలు పోయారు కానీ, చాచిన చెయ్యి ఒక్కటీ వెనక్కి పోలేదు.

"ఎవరికిచ్చినా మిగతావాళ్ళంతా నన్ను తిట్టుకుంటారు," అన్నారు బాబాయ్ గారు. "శుక్రవారం మన పేకాటలో తేల్చేసుకోండి. ఆఖరికి ఎవరు మిగిలితే టికెట్ వాళ్ళ పేరుకి మార్చేస్తాను. ఆయ్, ఇంక మాట్లాడకండి."

వాళ్ళ పేరుకి. నాకు మిగతా మాటలేవీ వినపడలేదు. ఆ దేశం వదిలేలోపు నా పేరు రాసి ఉన్న వస్తువు ఒకటి నా ఫోన్‌లోకి రావాలి. అదీ ఎవరో ఇచ్చింది కాదు, నేను గెలిచింది.

మా శుక్రవారం ఆట గురించి కొంచెం చెప్పాలి. అక్కడ జూదమంటే ఆటవిడుపు కాదు, జైలు. అందుకే బాబాయ్ గారి బల్ల మీద ఎప్పుడూ పైసా పెట్టనిచ్చేవారు కాదు. "మాఫీ ఫులూస్, మాఫీ గొడవ" అనేవారు. డబ్బుల్లేవు, తగాదాల్లేవు. ఆటబిళ్ళల బదులు కాబూలీ శనగలు, రాజ్మా గింజలు. శనగ ఒకటికి లెక్క, రాజ్మా పదికి. ఏళ్ళ తరబడి చేతులు మారీ మారీ అవి నున్నగా మెరిసేవి. ఏ కుక్కర్లో వేసినా ఉడకని జాతి. మగవాళ్ళు పోకర్ ఆడుతుంటే ఆడవాళ్ళు పక్క గదిలో తంబోలా ఆడేవాళ్ళు. నేను మాత్రం మగవాళ్ళ బల్ల దగ్గర కుర్చీ లాక్కున్నాను. మొదటి రోజు ఎవరూ జరగలేదు. రెండోవారం జరిగారు, నా నోటికి భయపడి.

ఆట తెలియనివాళ్ళకి రెండు మాటలు. మనిషికి రెండు ముక్కలు బోర్లా ఇస్తారు. బల్ల మధ్యలో అయిదు ముక్కలు విడతలుగా తెరుస్తారు, అవి అందరివీ. చేతిలోవీ బల్ల మీదవీ కలిపి ఎవరి చెయ్యి పెద్దదైతే వాళ్ళది పందెం. ఒకరు గింజలు పెంచితే ఆటలో ఉండేవాళ్ళు అన్నీ పెట్టాలి, ముక్కలు నచ్చకపోతే మధ్యలో పడేయొచ్చు, అప్పటిదాకా పెట్టిన గింజలు మాత్రం పోతాయి. గింజలు అయిపోయినవాడు లేచిపోవాలి. ఆట సాగేకొద్దీ తప్పనిసరిగా పెట్టాల్సిన పందెం పెరుగుతుంది కాబట్టి, చేతులు కట్టుకుని కూర్చుంటే గింజలు వాటంతటవే కరిగిపోతాయి.

ఇందులో మనుషుల తెలివి బయటపడేది ఆసుల జతతో కాదు. రెండు ఆసులు వస్తే గాడిద కూడా ఆడుతుంది. నాలుగుల జత, ఆరుల జత, ఎనిమిదుల జత, ఇలాంటివి వచ్చినప్పుడే అసలు కష్టం. పడేయడానికి మనసొప్పదు. పట్టుకు కూర్చుంటే మధ్యలో రాణి, రాజు తెరుచుకుని వెక్కిరిస్తాయి. పైగా మా వాళ్ళంతా రమ్మీని ఉగ్గుపాలతో తాగి పెరిగినవాళ్ళు. రమ్మీలో చేతికి జత వస్తే మూడో ముక్క కోసం కాచుకోవడం పుట్టుకతో వచ్చే బుద్ధి. అదే బుద్ధి పోకర్ బల్ల మీదికి తెచ్చేవాళ్ళు. మూడో ముక్క మొదట తెరిచే మూడింట్లో పడేది దాదాపు ఎనిమిదిసార్లకి ఒకసారి. చవగ్గా చూడనిస్తే చూడాలి, లేదంటే దండం పెట్టి పడేయాలి. ఈ మాట నేను చెబితే "క్లాసు మొదలైంది" అని నవ్వేవాళ్ళు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్నాం. మొదట్లోనే నాకు నాలుగుల జత వచ్చింది. నా ముందువాడు గింజలు బాగా పెంచాడు. పడేశాను. తర్వాత అయిదుల జత. చవగ్గా చూడనిచ్చారు, చూశాను, మూడో అయిదు రాలేదు, పడేశాను.

"ఏంటి మేడం గారూ, పప్పులు వండుకోడానికి దాచుకుంటన్నారా?" అన్నాడు ఎదురుగా కూర్చున్న గుంటూరు అకౌంటెంట్. నోరు పెద్దది, ఓపిక చిన్నది.

"అవును తమ్ముడూ. సాయంత్రం నువ్వు ఉత్తచేతులతో ఇంటికి పోతావుగా, గిన్నెడు పంపిస్తా."

అందరూ నవ్వారు. తర్వాత కాసేపటికే అతనికి ఆరుల జత వచ్చింది. మధ్యలో రాజు, పది, తొమ్మిది తెరుచుకున్నాయి. బాబాయ్ గారు గింజలు పెంచారు. అతను పెట్టాడు. నాలుగో ముక్క, రాణి. బాబాయ్ గారు మళ్ళీ పెంచారు. "ఇంకొక్కటుంది కదండీ, ఆరు రాకుండా ఎక్కడికి పోద్ది" అంటూ ఉన్నదంతా తోసేశాడు. ఆరు రాలేదు. బాబాయ్ గారి చేతిలో రెండు రాజులున్నాయి. అకౌంటెంట్ లేచి నిలబడి, "రమ్మీ అయితే వచ్చేది" అన్నాడు. రమ్మీ అయితే అంటూ ఓడిపోయిన మా వాళ్ళందరినీ కూర్చోబెట్టాలంటే ఒక స్టేడియం కావాలి.

సాయంత్రం చాయ్ వేళకి ముగ్గురం మిగిలాం. నేను, మా ఆయన, బాబాయ్ గారు. బాబాయ్ గారు తను గెలిస్తే టికెట్ పక్కింటి అమ్మాయికి ఇస్తానన్నారు. ఆమె కడప జిల్లా పిల్ల. నన్ను అక్కా అంటుంది, నా కుర్చీ వెనకే నిలబడి నా ముక్కలు చూస్తుంది, అడక్కుండా సలహాలిస్తుంది. చాయ్ తర్వాత మొదటి చేతిలోనే బాబాయ్ గారి గింజలు మా ఆయన లాగేశాడు. మిగిలింది మేమిద్దరం.

అప్పుడు వంటింట్లో కప్పులు కడిగే నెపంతో అతన్ని పక్కకి పిలిచాను.

"ఒక్క మాట చెప్తున్న, విను. నా మీద జాలి చూపెట్టకు."

"నాకేం పట్టింది? నాకూ పోవాలనే ఉంది."

"నిజంగనా?"

"ఇన్నేండ్లు దాని చుట్టూ తిరిగిన. లోపల గడ్డి మీద నీళ్ళు కొడితే ఎటు పోతయో ఒక్కసారి చూడాల్నని ఉండదా?"

"అయితే ఆడు. నాకోసం వదిలినవని తెలిసిందనుకో, ఆ టికెట్ చింపి పారేస్త."

"ఫోన్ల ఉన్న టికెట్ ఎట్ల చింపుతవ్ మేడం?"

"ఫోనే పగలగొడ్త."

నవ్వాడు. "సరే. ఒట్టు. వదల" అన్నాడు. నా చేతిలోని తడి కప్పు మీద చెయ్యి వేసి మరీ అన్నాడు. ఈ ఒట్టు సంగతి కాంపౌండ్‌లో ఎవరికీ తెలియదు. తెలిస్తే అలా మాట్లాడరనుకుంటాను.

మళ్ళీ కూర్చున్నాం. ఓడినవాళ్ళంతా చుట్టూ మూగారు. బజ్జీలు నమిలే చప్పుడు కూడా ఆగింది. కాసేపు అటు కొన్ని గింజలు, ఇటు కొన్ని గింజలు. తప్పనిసరి పందెం బాగా పెరిగిపోయింది. ఇద్దరి ముందూ గుట్టలు ఇంచుమించు సమానం, నాదే వేలెడు ఎక్కువ.

బాబాయ్ గారు ముక్కలు పంచారు. మా ఆయన తన రెండూ అంచులెత్తి చూసుకున్నాడు. ఎప్పుడూ ఒక్కసారే చూసే మనిషి, రెండోసారి చూశాడు. తర్వాత తన రాజ్మాలో సగం కంటే ఎక్కువే గుప్పిట పట్టి మధ్యలోకి నెట్టాడు. గింజలు బల్ల మీద దొర్లి ఆగాయి.

నేను నావి చూశాను. ఇస్పేటు ఏడు. దాని కింద కళావరు ఏడు.

వెనక కడప పిల్ల ఊపిరి బిగపట్టడం నా మెడకి తెలిసింది. ఏడుల జత అంటే నట్టనడిమి జత. ఎదుటివాడి దగ్గర రెండు పెద్ద ముక్కలుంటే, రాజు-రాణి లాంటివి, బొమ్మా బొరుసే, వెంట్రుకవాసి నాదే పైచెయ్యి. ఎనిమిదుల జతో, అంతకు పెద్ద జతో ఉంటే అయిదుసార్లకి నాలుగుసార్లు నేను మట్టిలో కలిసినట్టే. పెట్టి చూద్దామా అంటే, మధ్యలో ముక్కలు తెరిచాక ఏడుకి పైన ఏది పడ్డా నాకు గుండెదడే, నిర్ణయం అతని చేతిలోకి పోతుంది. పడేస్తే కూర్చుని కరిగిపోవడమే. ఇలాంటి జతకి ఒకటే దారి. ఒక్క ముక్క తెరవకముందే అన్నీ ముందుకు తోసి, ఆలోచించే బాధ ఎదుటివాడికి అంటగట్టాలి.

రెండు చేతులతో శనగలూ రాజ్మా మొత్తం ముందుకు తోశాను. కొన్ని కింద పడ్డాయి. ఎవరూ ఏరలేదు.

మా ఆయన నన్ను చూశాడు. అన్నేళ్ళలో నా మొహం అంతసేపు చూసిన గుర్తు నాకు లేదు.

"ఏమున్నయ్?" అన్నాడు మెల్లగా.

నేను నా ముక్కల మీద అరచెయ్యి కప్పాను. అతను ముక్కలు మళ్ళీ ఎత్తి చూశాడు. మూడోసారి. చెవి తమ్మె నలుపుకున్నాడు. బయట ఎవరిదో కారు రివర్స్ చేస్తున్న బీప్ బీప్ చప్పుడు. అది ఆగింది. అతను ఇంకా ఆలోచిస్తున్నాడు.

"యల్లా అన్నా, తొందరగా కానీ!" అన్నాడు అకౌంటెంట్.

"నువ్వు మూస్కో," అన్నాం మేమిద్దరం ఒకేసారి.

అప్పుడతను తన రెండు ముక్కలూ బోర్లా ఉండగానే రెండు వేళ్ళతో తోసి, పడేసిన ముక్కల గుట్టలో కలిపేశాడు. "పో. తీస్కో" అన్నాడు.

గది గొల్లుమంది. కడప పిల్ల నా భుజం మీదుగా దూకి ఆ గుట్ట మీద చెయ్యి వేసింది. "ఏముండెనో సూడాల్సిందే గదక్కా!" బాబాయ్ గారు చటుక్కున ఆ చేతి మీద ఒక్కటి వేశారు. "తప్పమ్మా. పడేసిన ముక్క తిప్పకూడదు. ఈ బల్ల మీద అది మర్యాద." ముక్కలన్నీ పోగేసి కలిపేశారు. నేను మాత్రం నా ఏడులు రెండూ వెల్లకిలా పెట్టాను, అందరూ చూడాలని. మా ఆయన వాటిని చూసి, "మంచిగనే ఉన్నయి" అన్నాడు. ఆ గొంతులో ఏముందో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. మిగిలిన కాసిని గింజలతో అతను ఇంకో రెండు చేతులు ఆడాడు. అయిపోయాడు. అది ఆట కాదు, లాంఛనం.

నా వాదన వినండి. మా ఆయన రమ్మీ ఎలా ఆడతాడో కరీంనగర్ బంధువులందరికీ తెలుసు. చెయ్యి కాస్త అటూ ఇటుగా ఉందంటే మధ్యలో పడేసి తక్కువ పాయింట్లతో బయటపడతాడు. నిండా మునిగేకన్నా కొంచెం పోగొట్టుకోవడం మేలని అతని సిద్ధాంతం. రమ్మీలో అది తెలివే. పోకర్‌లో ఆఖరి ఇద్దరు మిగిలినప్పుడు అదే తెలివి గొయ్యి తవ్వుతుంది. నేను అన్నీ తోసేసరికి అతనిలో రమ్మీ మనిషి లేచి కూర్చున్నాడు, పడేయమన్నాడు, పడేశాడు. ఇందులో త్యాగం ఎక్కడుంది? ఆ దడ పుట్టించింది నా ఏడులు. నేను గెలిచాను.

ఇది నేను అందరికీ చెప్పే వాదన. అందరికీ చెప్పనిది కూడా ఒకటుంది. బల్ల మధ్యలో అప్పటికే అతని గింజలు సగానికి పైగా ఉన్నాయి. మిగిలిన చిన్న గుట్ట పెడితే గెలవగలిగింది దానికి నాలుగింతలు. అలాంటప్పుడు చేతిలో ఏ చెత్త ఉన్నా పడేయకూడదు. ఇది నేను తరగతిలో బోర్డు మీద వేసి చూపించగల లెక్క. గొట్టంలో నీళ్ళు ఎంత వాలుకి ఎటు పోతాయో నోటిలెక్కతో చెప్పే మనిషికి ఇది తెలియదా? ఒకవేళ తెలిసే పడేశాడా?

టికెట్ నా పేరుకి మారింది. బాబాయ్ గారు నొక్కుతుంటే నా ఫోన్ మోగింది, అక్కడ నా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఇంటిపేరుతో సహా. ఆ రోజంతా పదేపదే తెరిచి చూసుకున్నాను. మ్యాచ్‌కి బాబాయ్ గారూ నేనూ మెట్రోలో వెళ్ళాం. లోపలికి అడుగుపెట్టగానే ఆ ఎత్తుకి కళ్ళు తిరిగాయి. ఆటలో ఎవరు ఎవరికి గోల్ వేశారో ఇప్పుడు అడిగితే తడుముకుంటాను. గేటు దగ్గర మాత్రం వాననీళ్ళు పోయే ఇనప జాలీ మూత ఒకటి కనిపిస్తే వంగి చూశాను. వెనకవాళ్ళు నేనేదో పారేసుకున్నాననుకుని వాళ్ళూ వంగారు. ఇంటికొచ్చాక మా ఆయన మొదట అడిగింది అదే. "నీళ్ళెక్కడన్న నిలిచినయా?"

"ఎక్కడా చుక్క లేదు."

"మంచిది," అని టీవీ పెట్టుకున్నాడు.

తర్వాత కొద్దిరోజులకే సామాను కట్టుకుని వచ్చేశాం. కప్పు మొత్తం హనుమకొండలో, సోఫాలో కూర్చుని చూశాం. లుసైల్ స్టేడియం తెర మీదికి వచ్చినప్పుడల్లా అతను ముందుకి వంగేవాడు. నేను అతన్ని చూసేదాన్ని.

ఈలోగా అక్కడ కథ పెరుగుతూనే ఉంది. కడప పిల్ల ఫోన్ చేసినప్పుడల్లా "అన్న ఇడ్సిపెట్నాడు లేక్కా, రాజుల జత ఉండె ఆయప్ప చేతిలో, నాకు తెల్సు" అంటుంది. చెయ్యి ముక్క మీద పడీపడకముందే దెబ్బ తిన్న పిల్లకి ఎలా తెలుసు? అకౌంటెంట్ లెక్కలో అవి ఆసులు. ఇంకొన్నాళ్ళకి పోకర్‌లో లేని జోకర్ కూడా ఆ చేతిలోకి వస్తుంది. బాబాయ్ గారు ముక్కలు పోగేస్తూ చూశారేమోనని అనుమానపడి ఒకసారి అడిగాను. "మర్యాద అమ్మాయ్" అని నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మా ఆయన్ని అడగని సందర్భం లేదు. అన్నం వడ్డిస్తూ అడిగాను, కారులో అడిగాను, ఒకసారి జ్వరంతో మూలుగుతుంటే తడిబట్ట వేస్తూ కూడా అడిగాను. "యాది లేదు" అంటాడు. లుసైల్‌లో ఏ రోడ్డు కింద ఏ గొట్టం ఎంత లావో ఇప్పటికీ గడగడా చెబుతాడు. మూడుసార్లు ఎత్తి చూసిన రెండు పేకముక్కలు యాది లేవట.

చెత్త ముక్కలుంటే చెప్పడానికేం? పోనీ పెద్ద జతే ఉందనుకో. వంటింట్లో నా చేతిలో కప్పు మీద వేసిన ఒట్టు తప్పినవాడివి అవుతావు, నా ఫోన్‌లో నా పేరుతో వచ్చిన ఆ ఒక్కటి కూడా నువ్వు ఇచ్చిందే అవుతుంది. అందుకా దాస్తున్నావు? పోయినవారం మా తమ్ముడింట్లో రమ్మీ ఆడుతూ నువ్వు మధ్యలో పడేసిన ముక్కలు నేను తిప్పి చూశాను, మర్యాద గిర్యాద నాకు లేదు. నిజంగానే ఆడలేని ముక్కలు అవి. మరి ఆ శుక్రవారం? ఏమయ్యా, ఆ రోజు నీ చేతిలో ఏమున్నయ్?